పాత షెవర్లే సీ10 పికప్‌ని కొత్తగా నిలబెట్టడం ఎలా: తుప్పు దగ్గర్నుంచి నంబర్ ప్లేటు దాకా

1967 నుంచి 1972 వరకు వచ్చిన షెవర్లే సీ10 పికప్ కొని, పాత రూపం చెడకుండా లోపల మంచి ఇంజిను, మంచి బ్రేకులు, ఏసీ పెట్టి రోజూ నడుపుకోవాలనుకునే అమెరికాలోని మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇలా పాతదాన్ని బాగుచేస్తూనే కొత్త సామాను వేసిన బండిని ఇక్కడ రెస్టోమాడ్ అంటారు.

ఈ పనిలో డబ్బు ఎక్కువగా తగలబడేది వరస తప్పినప్పుడు. ముందు రంగు వేయించేస్తారు, తర్వాత ఇంజిను దించుతూ ఫెండర్ గీకేస్తారు. లేదా కొత్త ఇంజిను పెట్టి నాలుగు చక్రాలకీ పాత డ్రమ్ బ్రేకులే ఉంచుతారు. నేను చెప్పే వరస ఇది: ముందు రేకు పని, తర్వాత బ్రేకులు, స్టీరింగ్, ఆ తర్వాత ఇంజిను, పెట్రోలు లైను, వైరింగ్, ఏసీ. రంగు అన్నిటికన్నా చివర.

స్పోర్ట్స్ కారు ఎందుకు కాదు

కమారో, మస్టాంగ్, కార్వెట్ అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. మొదటి బండిగా మాత్రం వద్దంటాను. 1969 కమారోనే తీసుకోండి. అది వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిను)తో వచ్చిందా, సిక్స్ సిలిండర్‌తో వచ్చిందా అన్నది వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు చెబుతుంది, అంతే. జెడ్28 (కమారోలో ఎక్కువ పవర్, ఎక్కువ ధర ఉన్న రకం) బ్యాడ్జీ ఫ్యాక్టరీలో పెట్టిందో, గ్యారేజీలో అతికించిందో దాన్నిబట్టి తేలదు. ఇంజిను మీది ముద్రలు, పాత కాగితాలు, తెలిసినవాళ్ళ పరిశీలన అన్నీ కలిస్తేనే నమ్మకం. పోనీ నిజంగా అసలుదే దొరికిందనుకోండి, దాన్ని కోసి మార్చడానికి చేతులు రాకూడదు; మారిస్తే విలువ పడిపోతుంది.

కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి తుప్పు గొడవ లేదని సంబరపడేవాళ్ళున్నారు. విండ్‌షీల్డ్ చుట్టూ, తలుపుల దగ్గర లోపల ఉక్కు చట్రం ఉంటుంది, బర్డ్‌కేజ్ అంటారు. అది చక్కగా కుళ్ళుతుంది, బయటికి కనిపించదు. 1960ల మస్టాంగ్‌లో విండ్‌షీల్డ్ కింద గాలి లోపలికి వచ్చే భాగం తుప్పు పట్టి, వానపడితే నీళ్ళు కారులో కూర్చున్నవాళ్ళ కాళ్ళ మీదికి వస్తాయి.

సీ10లో ఈ బాధలు తక్కువ. మనుషులు కూర్చునే క్యాబ్, వెనక సామాను వేసే బెడ్, ఫెండర్లు అన్నీ ఫ్రేమ్ మీద బోల్టులతో కూర్చున్నవే, విప్పితే వస్తాయి. ఇంజిను గదిలో మనిషి నిలబడి పనిచేసేంత చోటుంది. ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్, కాయిల్ స్ప్రింగులు ఫ్యాక్టరీ నుంచే ఉన్నాయి. 1953–56 ఫోర్డ్ ఎఫ్-100 అందంలో ఒక మెట్టు పైనే, కానీ ముందు అడ్డంగా ఒకే యాక్సిల్ ఉంటుంది. దాన్ని ఈనాటి హైవేకి తగినట్టు చేయాలంటే ముందుభాగం మొత్తం మార్చాలి. పైగా సీ10కి తలుపు రబ్బరు దగ్గర్నుంచి మొత్తం ఫ్లోర్ దాకా కొత్తవి తయారై దొరుకుతున్నాయి. ఎల్ఎంసీ ట్రక్ లాంటి కంపెనీల క్యాటలాగ్ ఒకటి తెప్పించుకోండి. అందులో ప్రతి భాగం విడదీసిన బొమ్మలుంటాయి, బండి కొనకముందే సగం పాఠం అక్కడ అయిపోతుంది.

ఏ ఏడాది, ఏ బెడ్

పేరులో సీ అంటే టూ వీల్ డ్రైవ్, కే అంటే ఫోర్ వీల్ డ్రైవ్. 10 అంటే అర టన్ను బండి. 1967 మోడల్‌కి పక్కన మార్కర్ లైట్లు ఉండవు, 1968 నుంచి వచ్చాయి. 1969లో గ్రిల్, బానెట్ మారాయి. 1971లో గళ్ళ గ్రిల్ వచ్చింది. దానితోపాటు ముందు డిస్క్ బ్రేకులు స్టాండర్డ్‌గా ఇచ్చారు, చక్రానికి ఆరు బోల్టులు పోయి ఐదయ్యాయి. అందుకే బడ్జెట్ కుదిరితే 1971 లేదా 1972 చూడండి. బ్రేకుల పని సగం తగ్గుతుంది. గ్రిల్ చూసి ఏడాది నిర్ణయించకండి, ఒక ఏడాది భాగాలు ఇంకో ఏడాది బండికి బిగించుకోవచ్చు కాబట్టి చాలామంది మార్చేశారు.

షార్ట్ బెడ్ ఆరున్నర అడుగులు, వీల్‌బేస్ 115 అంగుళాలు. లాంగ్ బెడ్ ఎనిమిది అడుగులు, 127 అంగుళాలు. అందరికీ షార్ట్ బెడ్డే కావాలి, ధర కూడా దానికే. అందుకని లాంగ్ బెడ్ ఫ్రేమ్‌ని 12 అంగుళాలు కోసి అతికించి షార్ట్ బెడ్‌గా అమ్మేవాళ్ళున్నారు. పని సరిగ్గా చేస్తే తప్పేం లేదు, కానీ చెప్పి అమ్మాలి. బండి కిందికి దూరి క్యాబ్ వెనక నుంచి వెనక యాక్సిల్ దాటేవరకు రెండు ఫ్రేమ్ పట్టాలనూ టార్చిలైటుతో చూడండి. నిలువు వెల్డింగ్ గీత, గ్రైండ్ చేసి నల్లరంగు దట్టంగా పూసిన చోటు కనిపిస్తే అడగండి. నా మాట అడిగితే, ఇంట్లో వాడుకోవడానికి లాంగ్ బెడ్ ఏమీ తక్కువ కాదు, ధర చాలా తేడా. మీ గ్యారేజీలో పడుతుందో లేదో మాత్రం టేపు పెట్టి కొలుచుకోండి.

తుప్పు: గంటసేపు ఇక్కడే గడపండి

వెంట తీసుకెళ్ళాల్సినవి: ఫ్రిజ్‌కి అతికించే చిన్న అయస్కాంతం, దాని చుట్టూ పల్చటి గుడ్డ, ఒక స్క్రూడ్రైవర్, టార్చిలైటు, కింద పడుకోవడానికి పాత దుప్పటి. బండిని ఎండలో, పొడిగా ఉన్నప్పుడు చూడండి. తడి బండి మీద ఏ సొట్టా కనపడదు.

మొదట క్యాబ్ వెనక కింది మూలలు. తలుపు వెనక అంచు దిగేచోట, నేలకు దగ్గరగా ఉండే ఈ మూలల్లోకి దుమ్ము, నీళ్ళు చేరి లోపల నుంచి తినేస్తాయి. అయస్కాంతాన్ని పై నుంచి కిందికి మెల్లగా జరపండి. పైన గట్టిగా పట్టుకుని కిందికి వచ్చేసరికి జారిపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. వేలి కణుపుతో కొట్టి వినండి. రేకు ఖణేలుమంటుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది. తర్వాత తలుపుల కింద ఉండే రాకర్ ప్యానెళ్ళు. బయటి రేకు కొత్తగా వేసి లోపలి రేకును అలాగే వదిలేయడం చాలా మామూలు, కాబట్టి కింద నుంచి చూడాలి.

లోపల మ్యాట్ ఎత్తండి. ఓనర్ మొహమాటపడినా ఎత్తండి. డ్రైవర్ కాళ్ళ దగ్గర నేల, పక్క కిక్ ప్యానెళ్ళు, క్యాబ్ ఫ్రేమ్ మీద కూర్చునే మౌంట్లు చూసి, అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో నొక్కండి. మౌంట్ దగ్గర రేకు పోయి ఉంటే క్యాబ్ కిందికి కుంగుతుంది, తలుపు సందులు పైన వెడల్పు, కింద ఇరుకు అవుతాయి. తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకి లేపండి. కదిలితే కీలు పిన్నులు అరిగాయి, అది పెద్ద ఖర్చు కాదు. విండ్‌షీల్డ్ కింది మూలలు, పైకప్పు చుట్టూ నీళ్ళు జారే అంచు మాత్రం బాగుచేయడం కష్టం. అక్కడ తుప్పు రంధ్రాలుంటే వేరే బండి చూసుకోమంటాను.

ఫ్రేమ్ మీద స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట పగుళ్ళు, అతుకులు వెతకండి. కింద అంతా నిగనిగలాడే కొత్త నల్ల అండర్‌కోటింగ్ ఉంటే అది మెచ్చుకోవాల్సిన విషయం కాదు, దాని వెనక ఏముందో అనుమానించాల్సిన విషయం. మిషిగన్, ఒహాయో వైపు చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అరిజోనా, న్యూమెక్సికో, పడమటి టెక్సాస్ బండ్లలో ఎండకు సీటు, డ్యాష్‌బోర్డు పగిలిపోతాయి గానీ రేకు నిలబడుతుంది. సీటు కొత్తది దొరుకుతుంది. అందుకే వెయ్యి మైళ్ళ అవతల నుంచి ట్రెయిలర్ మీద తెప్పించుకున్నా, ఎడారి బండే చివరికి చవక.

కాగితాలు

ఈ బండ్లకు 17 అంకెల వీఐఎన్ ఉండదు, అది 1981 మోడళ్ళ నుంచి. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద చిన్న ప్లేటు ఉంటుంది. ఉదాహరణకు సీఈ140 అని మొదలైతే: సీ అంటే టూ వీల్ డ్రైవ్, ఈ అంటే వీ8 (సిక్స్ అయితే ఎస్), 1 అంటే అర టన్ను, 4 అంటే పికప్, 0 అంటే 1970. ఈ నంబరు, టైటిల్ (బండి ఎవరిదో చెప్పే కాగితం) మీది నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. ఫ్రేమ్ మీద కూడా నంబరు కొట్టి ఉంటుంది, తుప్పు గీకితే కనిపిస్తుంది. ప్లేటు ఊడదీసి మళ్ళీ బిగించినట్టు ఉన్నా, టైటిల్ అమ్మే మనిషి పేరు మీద లేకపోయినా బేరం ఆపేయండి. "టైటిల్ తర్వాత పంపిస్తాను బ్రదర్" అన్న మాటకు ఒక్క డాలర్ కూడా ఇవ్వొద్దు.

గ్లవ్ బాక్స్ తలుపు లోపల ఫ్యాక్టరీ ఆప్షన్ల స్టిక్కర్ మిగిలి ఉంటే అదృష్టం. ఏ యాక్సిల్, ఏ ఇంజిను, ఏ రంగుతో వచ్చిందో అందులో ఉంటుంది. పెద్ద ఇంజిను, ఖరీదైన ట్రిమ్‌తో వచ్చి, అన్నీ అసలువే మిగిలిన బండి అని తేలితే దాన్ని మార్చకుండా అలాగే బాగుచేయండి. మార్చుకోవడానికి మామూలు సిక్స్ సిలిండర్ బండ్లు బోలెడు.

విప్పడం, రేకు పని

విప్పేముందు ప్రతి మూలా ఫోన్‌లో ఫోటో తీయండి. బోల్టులన్నీ జిప్‌లాక్ కవర్లలో వేసి, ఎక్కడివో పైన రాయండి. బండి మొత్తం ఒకేసారి విప్పేయడం నాకు ఇష్టం లేదు. గ్యారేజీల్లో ముక్కలుగా ఉండిపోయి, సగం ధరకు అమ్ముడయ్యే బండ్లన్నీ అలా మొదలైనవే. ఒక భాగం విప్పి, పూర్తిచేసి, బండి మళ్ళీ కదిలాకే తర్వాతది.

టింకరింగ్ షెడ్డుకి ఇచ్చేటప్పుడు రెండు విషయాలు ముందే మాట్లాడుకోండి. ఒకటి, కుళ్ళిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, పైన పుట్టీతో కప్పడం కుదరదు. రెండు, బానెట్, పైకప్పు లాంటి పెద్ద పల్చటి రేకుల మీద ఇసుక బ్లాస్టింగ్ చేయకూడదు. అలలు తేలతాయి, మళ్ళీ సరికావు. రాకర్ కోసేముందు క్యాబ్ లోపల తలుపు సందుకి అడ్డంగా ఇనుప రాడ్లు తాత్కాలికంగా వెల్డ్ చేయించాలి, లేకపోతే క్యాబ్ వంగి తలుపు పట్టదు. బట్టబయలైన రేకు మీద వెంటనే ఎపాక్సీ ప్రైమర్ కొట్టించి అక్కడితో ఆపండి.

బ్రేకులు, చక్రాలు

పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ తీశాక గాలిగొట్టంతో దుమ్ము ఊదకండి. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

1967–70 బండికి ముందు డిస్కులు పెట్టాలంటే చాలామంది 1971–72 లేదా 1973–87 షెవర్లే అర టన్ను బండి భాగాలు, లేదా వాటి కొలతలతో చేసిన కిట్ వాడతారు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. ఆ డిస్కులకు ఐదు బోల్టులు, మీ వెనక యాక్సిల్‌కి ఆరు. ముందొక రకం చక్రం, వెనకొక రకం చక్రం, స్పేర్ టైరు ఎటూ కాదు. కాబట్టి ఆర్డర్ ఇచ్చేముందే తేల్చుకోండి: వెనక యాక్సిల్ కూడా ఐదు బోల్టులదిగా మార్చడమా, లేక ఆరు బోల్టుల డిస్క్ కిట్ తెప్పించుకోవడమా. చక్రాలు కొనేది ఆ తర్వాతే.

డిస్కులతోపాటు వాటికి సరిపడే మాస్టర్ సిలిండర్, బూస్టర్, ముందు వెనకలకు ఒత్తిడి పంచే కాంబినేషన్ వాల్వ్ కూడా మార్చాలి. పాత ఇనుప లైన్లు బయటికి బాగున్నా లోపల తుప్పుంటుంది, కొత్తవి వేయండి. బ్రేకు లైన్లలో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరం నుంచి దగ్గరికి: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. పెడల్ మెత్తగా ఉంటే ఇంకా గాలి ఉన్నట్టే, "రెండుసార్లు తొక్కితే పడుతుంది" అని సరిపెట్టుకోకండి.

ఎత్తు తగ్గించడం

సీ10 వెనక సాధారణంగా కాయిల్ స్ప్రింగులు, రెండు పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఉంటాయి. అదే కాలపు జీఎంసీ (షెవర్లేలాగే జనరల్ మోటార్స్‌దే ఇంకో పేరు) అర టన్నుకి ఎక్కువగా పట్టీ స్ప్రింగులు. ఈ ట్రెయిలింగ్ ఆర్మ్ పద్ధతినే నాస్కార్ పందెం కార్లు దశాబ్దాలపాటు వాడుకున్నాయి, ట్రక్కు నుంచి తీసుకున్నది కాబట్టి అక్కడ కూడా దాని పేరు ట్రక్ ఆర్మే.

ముందు 4 అంగుళాలు, వెనక 6 తగ్గించడం మామూలు కొలత. వెనక 6 తగ్గిస్తే యాక్సిల్ ఫ్రేమ్‌కి తగులుతుంది, అక్కడ ఫ్రేమ్‌ని అర్ధచంద్రంలా కోసి బలమైన ప్లేటు వేయాలి. యాక్సిల్‌ని పక్కకి పోకుండా పట్టే పాన్‌హార్డ్ బార్ పాత పొడవులోనే ఉంటే యాక్సిల్ ఒక పక్కకి జరిగి, టైరు ఒకవైపు బెడ్‌కి రాసుకుంటుంది. సర్దుకునే బార్ కిట్‌తోపాటే కొనండి. మన రోడ్ల సంగతి వేరు గానీ, ఇక్కడి ఇళ్ళ డ్రైవ్‌వేలు కూడా కొన్ని బాగా ఏటవాలు; ముందు 2 లేదా 3 అంగుళాలు తగ్గించి ఆగితే మేలు.

ఇంజిను

బండిలో నడిచే 350 (క్యూబిక్ అంగుళాల) వీ8 ఉంటే దాన్ని పీకేయాల్సిన అవసరం లేదు. హెచ్ఈఐ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే ఎలక్ట్రానిక్ రకం), మంచి రేడియేటర్, కొత్త హోస్‌లతో హాయిగా తిరుగుతుంది. ఆయిల్ మాత్రం జింక్ ఎక్కువున్నది పోయండి. పాత ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి (వాల్వులు తెరిచే పాతరకం షాఫ్ట్) ఈనాటి మామూలు ఆయిల్ చాలదు, అరిగిపోతుంది. అన్నట్టు, 1971కి ముందు ప్రకటనల్లోని హార్స్‌పవర్ గ్రాస్ లెక్క, అంటే సైలెన్సర్ లాంటివి లేకుండా కొలిచింది. 1972 నుంచి నెట్ లెక్క. కాగితం మీద పవర్ ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించడానికి అదొక కారణం.

మార్చాలనుకుంటే ఎల్ఎస్ అనే జనరల్ మోటార్స్ కొత్త తరం వీ8 కుటుంబం ఇంజినే పెడతారు. ఈ కుటుంబంలో మొదటిది 1997 కార్వెట్‌తో వచ్చింది. మనకు కావాల్సింది అంత ఖరీదైనది కాదు: 1999 నుంచి 2007 వరకు సిల్వరాడో, టాహో బండ్లలో వచ్చిన 5.3 లీటర్ ఇనుప బ్లాకు ఇంజిను. దాదాపు 285 హార్స్‌పవర్, జంక్‌యార్డుల్లో విరివిగా దొరుకుతుంది. వీలైతే ఇంజిను, దానితో వచ్చే 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వైరింగ్, కంప్యూటర్, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ ఒకే బండివి కొనండి. కొన్ని ఇంజిన్లు థ్రాటిల్ కేబుల్‌తో, కొన్ని ఎలక్ట్రానిక్ పెడల్‌తో నడుస్తాయి. రెండూ కలిపితే తలనొప్పి.

కూర్చోబెట్టేటప్పుడు వచ్చే చిక్కులు: ట్రక్కు ఆయిల్ పాన్ లోతెక్కువ, క్రాస్‌మెంబర్‌కి (ఫ్రేమ్ అడ్డపట్టీ) తగులుతుంది లేదా దించిన బండిలో రోడ్డుకి దగ్గరవుతుంది. మార్పిడి కోసమే చేసిన పాన్ వాడండి. ఎగ్జాస్ట్ గొట్టాలు స్టీరింగ్ షాఫ్ట్‌కి ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవాలి. హెడ్ల మీది చిన్న ఆవిరి గొట్టాన్ని మూసేయకుండా రేడియేటర్‌కి కలపాలి. కంప్యూటర్‌లో దొంగతనం అడ్డుకునే లాక్ తీసేయించకపోతే ఇంజిను పట్టుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఏ ట్యూనర్‌నడిగినా చేసిపెడతారు.

పెట్రోలు ట్యాంకు

ఈ బండ్లలో పెట్రోలు ట్యాంకు సీటు వెనక, క్యాబ్ లోపలే ఉంటుంది. మీ నడుముకీ పెట్రోలుకీ మధ్య సీటు దిండు ఒక్కటే అడ్డం. ఎండాకాలం తలుపు తీయగానే గుప్పుమనే వాసన సాధారణంగా ట్యాంకు మెడ దగ్గరి రబ్బరు గొట్టం, పైన సెండర్ (పెట్రోలు మట్టం చెప్పేది) కింది రబ్బరు ఎండి పగలడం వల్ల. వాటిని మార్చినా ఆగుతుంది గానీ, నేనైతే ట్యాంకుని బెడ్ కిందికి, వెనక ఫ్రేమ్ పట్టాల మధ్యకి మార్చమంటాను. కిట్లు దొరుకుతాయి. సీటు వెనక జాక్, సంచులు పెట్టుకునే చోటు కూడా వస్తుంది.

కార్బురేటర్‌కి 5–7 పీఎస్ఐ ఒత్తిడి చాలు. 5.3 ఇంజినుకి 58 కావాలి. పాత రబ్బరు పైపు ఆ ఒత్తిడికి చీలుతుంది, వేడి ఎగ్జాస్ట్ పక్కన చీలితే మంటే. ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి పనికొస్తుందని ముద్ర ఉన్న హోస్, బిగించడానికి సరైన క్లాంపులు, పంపు ట్యాంకు లోపలే. 1999–2003 కార్వెట్ ఫిల్టర్‌లో 58 పీఎస్ఐకి సరిపెట్టిన రెగ్యులేటర్ కలిసే ఉంటుంది, చవక కూడా. ఈ పనికి అందరూ వాడేది అదే. క్యాబ్‌లో మంటలార్పే సిలిండర్ ఒకటి బిగించండి.

వైరింగ్, ఏసీ, సీటు బెల్టులు

పాత వైర్లను టేపులు చుట్టి కాపాడుకోవడం వృథా. అమెరికన్ ఆటోవైర్ లాంటి కంపెనీల కిట్‌లో ప్రతి వైరు మీద ఎక్కడికి వెళ్ళాలో రాసి ఉంటుంది. రెండు వారాంతాలు ఓపికుంటే ఎవరైనా చేసుకోవచ్చు. ఇంజినుకి, క్యాబ్‌కి, ఫ్రేమ్‌కి మధ్య గ్రౌండ్ పట్టీలు కొత్తవి వేయండి. లైట్లు మసకగా వెలగడం, మీటర్లు ఊగడం లాంటి వింత జబ్బుల్లో చాలావరకు ఇక్కడే నయమవుతాయి. 4ఎల్60ఈకి పాత స్పీడోమీటర్ కేబుల్ కలవదు, దానికి మార్పిడి పెట్టె లేదా జీపీఎస్ మీటరు కావాలి.

ఏసీకి శాన్ ఆంటోనియోలోని వింటేజ్ ఎయిర్ కిట్ అందరూ వేసేదే. ఏసీ బిగించేముందు నేల, పైకప్పు, వెనక గోడకి వేడిని ఆపే షీట్లు అతికించండి, లేకపోతే టెక్సాస్ ఆగస్టులో ఏ ఏసీ చాలదు. నడుముకి మాత్రమే ఉండే పాత బెల్టులు తీసి భుజం మీదుగా వచ్చేవి పెట్టండి. బోల్టు వేసే చోట వెనక గట్టి ప్లేటు ఉండాలి. ఇన్ని చేసినా ఎయిర్‌బ్యాగులు లేని బండి ఇది. పిల్లలని స్కూలుకి దింపడానికి వేరే కారు ఉంచుకోండి.

రంగు

ఇంత పనీ అయి, కొన్ని వందల మైళ్ళు తిరిగి, కారేవి కారి, అరిచేవి అరిచి సర్దుకున్నాక బండి పెయింట్ షాపుకి. తలుపులు, బానెట్, ఫెండర్ల సందులన్నీ సరిచేసి చూసుకున్నాకే రంగు. మంచి పని పది వేల డాలర్లు దాటడం మామూలే, అందులో ఎక్కువ భాగం గీకుడు కూలీ. అంత పెట్టలేకపోతే పాత రంగు మీదే శుభ్రంచేసి క్లియర్ (రంగులేని పైపూత) కొట్టించి నడపండి. ఎండకు వెలిసిన అసలు రంగుకి ఇప్పుడు అభిమానులు చాలామంది.

రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బండ్లకు సేఫ్టీ తనిఖీ తీసేశారు, 25 ఏళ్ళు దాటిన వాటికి పొగ పరీక్ష లేదు. ఇక్కడ యాంటిక్ ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలు, పరేడ్‌లు, రిపేరు కోసం తప్ప రోజూ తిప్పకూడదు. తిప్పుకోవాలంటే క్లాసిక్ ప్లేటు తీసుకోండి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు పెట్రోలు బండ్లకు స్మాగ్ పరీక్ష లేదు. మిగతా రాష్ట్రాల వాళ్ళు తమ డీఎంవీలో (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) కనుక్కోండి.

ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని "అగ్రీడ్ వాల్యూ" (ముందే ఇద్దరూ ఒప్పుకున్న విలువ) పాలసీ కావాలని అదే మాటతో అడగండి. "స్టేటెడ్ వాల్యూ" అంటే ఒప్పుకోవద్దు, బండి పోయినప్పుడు వాళ్ళు తక్కువ లెక్కగట్టే వీలుంటుంది. బిల్లులు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు ఒక ఫైల్లో పెట్టండి, ఆ విలువకు ఆధారం అవే. బండి ఇంట్లో ముక్కలుగా ఉన్నప్పుడు కూడా పాలసీ ఉండాలి.

టెక్సాస్ వాళ్ళకు ఇంకో రెండు చోట్లు. ఫోర్ట్‌వర్త్ దగ్గర టెక్సాస్ మోటార్ స్పీడ్‌వేలో ఏటా వసంతంలో పేట్ స్వాప్ మీట్ జరుగుతుంది, పాత సామాను బేరమాడి కొనడానికి. వాక్సహాచీలో జరిగే సీ10స్ ఇన్ ది పార్క్‌లో అన్నీ ఈ ట్రక్కులే. కొనకముందే ఒకసారి అక్కడికి వెళ్ళి, నచ్చిన ఎత్తులో ఉన్న బండి ఓనర్‌ని ఏ స్ప్రింగులు, ఏ చక్రాలు, టైరు ఎక్కడైనా రాసుకుంటోందా అని అడగండి. నోట్‌బుక్ పట్టుకెళ్ళండి, కొలతలతో సహా చెబుతారు.